పాస్‌వర్డ్ కొట్టాక కంప్యూటర్ ఎవరి కోసం ఆగుతోంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే బాధ. ఆఫీసులో పొద్దున పాస్‌వర్డ్ కొట్టాక డెస్క్‌టాప్ కనిపించడానికి నిమిషాలకు నిమిషాలు పడుతోందట. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను. ఇంట్లో విడిగా వాడుకునే కంప్యూటర్ సంగతి వేరు. ఇక్కడ చెప్పేదంతా ఆఫీసు సర్వర్‌కు కలిపి ఉన్న విండోస్ కంప్యూటర్ల గురించి. మన పాస్‌వర్డ్ సరిచూసి లోపలికి పంపేది ఆ సర్వరే. దాన్ని డొమైన్ కంట్రోలర్ అంటారు, దానికి కలిపిన కంప్యూటర్ల సమూహమే డొమైన్.

లాగిన్ ఆలస్యమైతే చాలామంది సిస్టమ్ పాతబడిందనో, నెట్ స్లో అనో తేల్చేస్తారు. సర్వర్ల పనిలో ఉన్న ఏళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, ఆ నిమిషాల్లో కంప్యూటర్ పని చేసేది తక్కువ, ఎదురుచూసేది ఎక్కువ. ఏదో సర్వర్ జవాబివ్వాలని, ఏదో ఫైలు వచ్చి చేరాలని, ఎప్పుడో తీసేసిన ప్రింటర్ పలకాలని ఆగి ఉంటుంది. ఎవరి కోసం ఆగిందో కనిపెడితే చేయాల్సిన మార్పు తరచూ చిన్నదే. అది తెలుసుకోకుండా ఫార్మాట్ కొట్టించడం వల్ల ఒక పూట పని పోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఒక ప్రైవేటు ఫైనాన్స్ సంస్థ బ్రాంచిలో అకౌంట్స్ చూస్తాను. తొమ్మిదిన్నరకు సీట్లో కూర్చుని పాస్‌వర్డ్ కొడితే చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. డెస్క్‌టాప్ రావడానికి పది నిమిషాలు పడుతుంది. సాయంత్రం సైన్ ఔట్ కావడానికీ అంతే. పక్క సీటు ఆయనకు నిమిషంలో వస్తుంది. ఆయన సిస్టమ్‌లో నేను లాగిన్ అయినా ఇదే ఆలస్యం. ఐటీ వాళ్లు ఫార్మాట్ కొట్టినా మార్పు లేదు. మాకు హాజరు కూడా కంప్యూటర్‌లోనే పంచ్ చేయాలి, అది డెస్క్‌టాప్ వచ్చాకే తెరుచుకుంటుంది. మూడు లేట్లకు సగం రోజు జీతం కోస్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, సగం రోగ నిర్ధారణ మీరే చేసి పంపారు. పక్క సీటు ఆయన సిస్టమ్‌లో కూర్చున్నా మీకు ఆలస్యమే, అదే సిస్టమ్‌లో ఆయనకు కాదు. అంటే తప్పు కంప్యూటర్‌లోనూ లేదు, దానికి వచ్చే కేబుల్‌లోనూ లేదు. మీ అకౌంటుతో పాటు అది కూడా వస్తోంది. సాయంత్రం సైన్ ఔట్ దగ్గర కూడా అంతసేపు ఆగుతోందంటే నా అనుమానం రోమింగ్ ప్రొఫైల్ మీదే.

రోమింగ్ ప్రొఫైల్ పెట్టిన ఆఫీసులో మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, మీ సెట్టింగులు అన్నీ సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. మీరు ఏ సీట్లో లాగిన్ అయితే ఆ కంప్యూటర్‌కు అవన్నీ దిగుతాయి, సాయంత్రం మార్పులతో సహా తిరిగి సర్వర్‌కు ఎక్కుతాయి. ఊరెళ్లిన ప్రతిసారీ ఇంట్లో సామానంతా మూటగట్టి వెంట తీసుకెళ్లడం లాంటిది ఇది. సామాను తక్కువైతే ఇబ్బంది లేదు. అకౌంట్స్ వాళ్లకు రోజూ టాలీ బ్యాకప్ తీసి డెస్క్‌టాప్ మీదే పెట్టుకునే అలవాటు ఉంటుంది. స్కాన్ చేసిన పత్రాలు, పాత మెయిళ్ల ఫైలు, వాట్సాప్ నుంచి దించిన వీడియోలు కూడా అక్కడే చేరతాయి.

లెక్క చూడండి. మీ బ్రాంచి లైను 100 మెగాబిట్లదైతే, కాగితం మీద సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి రావు. ప్రొఫైల్ 4 జీబీ ఉంటే, లైను మొత్తం మీ ఒక్కరికే ఇచ్చినా ఐదు నిమిషాలు దాటుతుంది. తొమ్మిదిన్నరకు అందరూ ఒకేసారి కూర్చుంటారు కాబట్టి ఆ లైనును పంచుకోవాలి. దిగే ప్రతి ఫైలునూ యాంటీవైరస్ తెరిచి చూస్తుంది. వేల కొద్దీ చిన్న ఫైళ్లుంటే అదింకా పెరుగుతుంది. పది నిమిషాలు ఎక్కడికి పోతున్నాయో తెలిసినట్టే కదా.

మామూలుగా అయితే నిన్న వాడిన కంప్యూటర్‌లో ఒక నకలు మిగులుతుంది, మారిన ఫైళ్లు మాత్రమే వస్తాయి. మీ సొంత సిస్టమ్‌లోనూ రోజూ ఇంతసేపు పడుతోందంటే, సైన్ ఔట్ కాగానే ఆ నకలును చెరిపేసే పాలసీ మీ ఆఫీసులో పెట్టి ఉండొచ్చు. డిస్కు నిండకుండా, ఒకరి ఫైళ్లు ఇంకొకరి సిస్టమ్‌లో మిగలకుండా ఉండాలని అలా పెడతారు. ఫార్మాట్ ఎందుకు పని చేయలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. బరువంతా సర్వర్‌లో ఉన్నప్పుడు ఇక్కడి డిస్కు కడిగి ప్రయోజనం ఏముంది?

మీరే చూసుకోగల పని ఒకటి ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో యూజర్ అకౌంట్స్‌లోకి వెళ్లండి. ఎడమ పక్క వరుసలో అడ్వాన్స్‌డ్ యూజర్ ప్రొఫైల్ ప్రాపర్టీస్ అనేది నొక్కితే మీ ప్రొఫైల్ సైజు ఎంత, అది రోమింగా లోకలా అన్నది కనిపిస్తుంది. రోమింగ్ అని ఉండి, సైజు జీబీల్లో ఉంటే నేను చెప్పిందే కారణం. ఆ కిటికీని ఫొటో తీసి ఐటీ వాళ్లకు పంపండి. వంద మాటల కంటే అది బాగా పని చేస్తుంది.

తర్వాత బ్యాకప్‌లు, స్కాన్‌లు సర్వర్‌లో మీకిచ్చిన షేర్డ్ డ్రైవ్‌లోకి తరలించండి. అక్కడి ఫైలు అక్కడే తెరుచుకుంటుంది, రోజూ దిగి ఎక్కదు. ఆఫీసు లెక్కలున్న ఫైలు ఏదీ పైవాళ్లను అడగకుండా చెరపవద్దు. ఔట్‌లుక్ పాత మెయిళ్ల పీఎస్‌టీ ఫైలును మాత్రం షేర్డ్ డ్రైవ్‌లో ఉంచి వాడకూడదు, నెట్‌వర్క్ మీద తెరిస్తే అది పాడయ్యే ప్రమాదం ఉంది. దాన్ని ప్రొఫైల్ బయట, కంప్యూటర్ డిస్కులో ఉంచి విడిగా బ్యాకప్ తీయాలి. ఐటీ వాళ్లు చేయాల్సింది ఫోల్డర్ రీడైరెక్షన్. డెస్క్‌టాప్, డాక్యుమెంట్లను సర్వర్ వైపు మళ్లిస్తే ప్రొఫైల్ బాగా తేలికవుతుంది. అక్కరలేని ఫోల్డర్లను రోమింగ్ నుంచి మినహాయించే పాలసీ కూడా గ్రూప్ పాలసీలోనే (సర్వర్ నుంచి కంప్యూటర్లన్నిటికీ ఒకేసారి పెట్టే నియమాలు) ఉంది.

ఇక జీతం కోత సంగతి. ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఉద్యోగి వేళకు వచ్చి కూర్చుని, సంస్థ ఇచ్చిన యంత్రం ఆలస్యం చేస్తే ఆ నిమిషాలు ఉద్యోగి ఖాతాలో వేయడం న్యాయం కాదు. మీ దగ్గర దీనికి సాక్ష్యం ఉంది. మీరు పాస్‌వర్డ్ కొట్టగానే డొమైన్ కంట్రోలర్ మీకు టికెట్, అంటే లోపలికి వెళ్లే అనుమతి, ఇస్తుంది. ఆ క్షణం దాని సెక్యూరిటీ లాగ్‌లో (జరిగినవి రాసుకునే చిట్టా) 4768 నంబరు ఈవెంట్‌గా, మీ యూజర్ పేరుతో నమోదవుతుంది. మీ కంప్యూటర్ లాగ్‌లో 4624 నంబరుతో ఉంటుంది. ప్రొఫైల్ దిగడం ఆ తర్వాతే మొదలవుతుంది. అందుకని మీ పంచ్ సమయం, సర్వర్ నమోదు చేసిన సమయం పక్కపక్కన పెట్టి చూపమని మేనేజర్ గారికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. లాగ్ నిండితే పాత నమోదుల మీద కొత్తవి పడిపోతాయి, కాబట్టి ఆలస్యం చేయకండి. సమస్య తీరేదాకా బయోమెట్రిక్‌తోనో రిజిస్టర్‌తోనో హాజరు వేసుకోనివ్వమని అదే అర్జీలో అడగండి.

ప్రశ్న: మేడమ్, నేను ఒక విత్తనాల కంపెనీ నంద్యాల బ్రాంచిలో సిస్టమ్స్ చూస్తాను, ఒక్కడినే. ఇరవై ఎనిమిది సిస్టమ్‌లు, బ్రాంచిలోనే ఒక డొమైన్ కంట్రోలర్, గుంటూరు హెడ్ ఆఫీసులో ఇంకొకటి. పోయిన నెల కొత్త ఫైబర్ లైను, దాంతో పాటు కొత్త రౌటర్ వచ్చాయి. అప్పటి నుంచి అందరికీ లాగిన్ మూడు నాలుగు నిమిషాలు. గ్రూప్ పాలసీ క్లయింట్ కోసం ఆగమంటూ అక్కడే ఉండిపోతుంది. నెట్ మాత్రం చాలా ఫాస్ట్. ఇంకా పెద్ద ప్లాన్‌కు మారినా తేడా లేదు. విచిత్రం ఏమిటంటే కేబుల్ పీకి లాగిన్ అయితే వెంటనే వస్తుంది.
— ఒక సిస్టమ్స్ అసిస్టెంట్, నంద్యాల

జవాబు: తమ్ముడూ, కేబుల్ పీకి చూడటం మంచి పరీక్ష. ఆ కంప్యూటర్‌లో అంతకుముందు ఒక్కసారైనా లాగిన్ అయినవాళ్ల వివరాలను విండోస్ దాచుకుంటుంది, మామూలుగా పదిమందివి. కేబుల్ లేనప్పుడు ఆ జ్ఞాపకంతోనే లోపలికి పంపుతుంది. కేబుల్ లేకుండా వెంటనే వచ్చి, ఉంటే ఆగుతోందంటే సిస్టమ్ బాగానే ఉంది. నెట్‌వర్క్‌లో ఎవరినో పిలిచి జవాబు కోసం కాచుకుంటోంది. ఎవరిని పిలుస్తోందో తెలియాలంటే డీఎన్ఎస్, అంటే పేరు చెబితే చిరునామా వెతికిచ్చే సేవ, చూడాలి. నీ ప్లాన్ పెంచడం వల్ల గూగుల్‌కు దారి వెడల్పయింది. నీ సర్వర్ పక్క గదిలోనే ఉంది, దానికి ఇంటర్నెట్ వేగంతో పని లేదు.

లాగిన్ వేళ ప్రతి కంప్యూటర్ ముందు డీఎన్ఎస్‌ను ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ డొమైన్‌కు కంట్రోలర్ ఎక్కడ? ఆ జవాబు మీ డొమైన్ కంట్రోలర్‌లో నడిచే డీఎన్ఎస్‌కు మాత్రమే తెలుసు. కొత్త రౌటర్ పెట్టినవాళ్లు అందులో డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు చిరునామాలు పంచే ఏర్పాటు) ఆన్ చేసి వెళ్లిపోతారు. అప్పటి నుంచి సిస్టమ్‌లకు డీఎన్ఎస్‌గా రౌటర్ చిరునామానో, గూగుల్ వారి డీఎన్ఎస్ 8.8.8.8 అనో వస్తుంది. మీ ఆఫీసు లోపలి సర్వర్ పేరు గూగుల్‌కు ఎలా తెలుస్తుంది? కంప్యూటర్ వేరే పద్ధతుల్లో వెతికి, వెతికి, గడువు దాటాక పాత జ్ఞాపకంతో లోపలికి పంపేస్తుంది. మూడు నిమిషాలు ఆ వెతుకులాటవే.

నిజంగా ఇదేనా అన్నది తేల్చుకోవడం కష్టం కాదు. విండోస్‌లో లాగ్‌లు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరువు. నెట్‌లాగాన్ పేరుతో 5719, గ్రూప్ పాలసీ పేరుతో 1129 లేదా 1054 ఉంటే డొమైన్ కంట్రోలర్ దొరకలేదని అర్థం. ఇంకో గుర్తు: ఎవరి పాస్‌వర్డ్ అయినా సర్వర్‌లో మార్చాక, వాళ్ల సిస్టమ్‌లో పాత పాస్‌వర్డ్ ఇంకా పని చేస్తోందా? చేస్తుంటే ఆ సిస్టమ్ సర్వర్‌ను అడగకుండానే లోపలికి రానిస్తోంది. ఇది ఆలస్యం కంటే ప్రమాదం. ఉద్యోగం మానేసినవాళ్ల అకౌంట్ ఆపినా ఆ సిస్టమ్‌లో వాళ్లకు తలుపు తెరుచుకుంటుంది.

మందు ఇది. రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేసి, సర్వర్ నుంచే చిరునామాలు ఇవ్వు. డీఎన్ఎస్ మొదటి గడిలో నంద్యాల కంట్రోలర్, రెండో గడిలో గుంటూరు కంట్రోలర్. ఇంకేమీ వద్దు. నెట్ ఆగిపోతుందేమోనని రెండో గడిలో 8.8.8.8 పెడతారు చాలామంది. దయచేసి పెట్టకు. మొదటిది అసలు పలకకపోతేనే విండోస్ రెండోదాన్ని అడుగుతుంది. ఒకసారి అటు మళ్లిందంటే అక్కడ 'అలాంటి పేరు లేదు' అన్న జవాబు వస్తుంది. విండోస్ దాన్ని ఖాయమైన జవాబుగా తీసుకుంటుంది, మళ్లీ ఇంకెవరినీ అడగదు. అలాంటి ఆఫీసుల్లో లాగిన్ ఒకరోజు బాగుంటుంది, ఒకరోజు ఆగుతుంది, కారణం దొరక్క ఐటీ వాళ్లకు నిద్ర ఉండదు. బయటి వెబ్‌సైట్ల పేర్ల కోసం 8.8.8.8 కావాలంటే కంట్రోలర్‌లోని డీఎన్ఎస్‌లో ఫార్వర్డర్‌గా (తనకు తెలియని పేర్లను కంట్రోలర్ అడిగే చోటు) పెట్టు, దాని చోటు అది.

ఇంత చేసినా కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ) ఐపీకాన్‌ఫిగ్ ఆల్ కొడితే డీఎన్ఎస్ వరుసలో నువ్వు పెట్టని పొడుగాటి చిరునామా ఒకటి కనిపించొచ్చు. కొత్త ఫైబర్ రౌటర్లు ఐపీవీ6 (పొడుగాటి చిరునామాల కొత్త పద్ధతి) ద్వారా తమనే డీఎన్ఎస్‌గా ప్రకటించుకుంటాయి. రౌటర్‌లోనే ఆ ప్రకటన ఆపాలి. సిస్టమ్‌లలో ఐపీవీ6 మొత్తంగా తీసేయడం మైక్రోసాఫ్ట్ సిఫారసు చేయదు, నేనూ చేయను.

రౌటర్ మారినప్పుడు చిరునామాల వరుస కూడా మారిందేమో చూడు. ఇదివరకు 192.168.1 తో మొదలయ్యేవి ఇప్పుడు ఇంకో అంకెతో మొదలైతే, ఏ చిరునామాలు ఏ ఊరివో కంట్రోలర్‌లో రాసే యాక్టివ్ డైరెక్టరీ సైట్స్ అండ్ సర్వీసెస్‌లో ఆ కొత్త వరుసను నంద్యాల సైట్‌కు చేర్చాలి. లేదంటే కంప్యూటర్లకు తాము ఏ ఊళ్లో ఉన్నామో తెలియదు, పక్క గదిలో సర్వర్ ఉండగా గుంటూరు వెళ్లి లాగిన్ అవుతాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో సెట్ అని టైప్ చేస్తే వచ్చే జాబితాలో లాగాన్ సర్వర్ పేరు ఉంటుంది. అది గుంటూరుది అయితే అనుమానం తీరినట్టే. కంట్రోలర్‌లో విండోస్ ఫోల్డర్ కింద డీబగ్‌లో నెట్‌లాగాన్ లాగ్ ఉంటుంది. సైట్ తెలియని కంప్యూటర్ల పేర్లు, చిరునామాలు అందులో వరుసగా రాసి ఉంటాయి.

ప్రశ్న: మాది నెల్లూరులో ఒక మధ్యతరహా ఆసుపత్రి. నేను నర్సింగ్ సూపరింటెండెంట్‌ని. వార్డులో ఒకే కంప్యూటర్. షిఫ్ట్ మారినప్పుడల్లా కొత్త సిస్టర్ లాగిన్ అవ్వడానికి రెండు నిమిషాల పైనే. రోగులు ఎదురుగా ఉంటే అంతసేపు ఆగలేక, పొద్దున వచ్చినవాళ్ల లాగిన్‌తోనే మూడు షిఫ్టుల వాళ్లూ పని చేస్తున్నారు. తప్పని నాకూ తెలుసు. ఎంత చెప్పినా ఆగడం లేదు. సర్వర్ మార్చినప్పటి నుంచే ఇలా ఉంది.
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మీ సిస్టర్లను తప్పు పట్టడానికి నాకు మనసు రావడం లేదు. రోగి పిలుస్తుంటే తెర ముందు నిలబడి ఉండమనడం ఎవరి వల్లా కాదు. కానీ ఒకరి లాగిన్‌లో ఇంకొకరు మందులు నమోదు చేస్తే, రేపు ఒక మోతాదు గురించి ప్రశ్న వచ్చినప్పుడు డ్యూటీలో లేని మనిషి జవాబు చెప్పాల్సి వస్తుంది. కాబట్టి దీన్ని కంప్యూటర్ ఫిర్యాదుగా కాకుండా రోగుల భద్రత విషయంగా మీ యాజమాన్యం ముందు పెట్టండి. అప్పుడు త్వరగా కదులుతారు.

మీ ఉత్తరంలో అసలు ఆధారం చివరి వాక్యం. పాత సర్వర్ తీసేశారు గానీ, దాన్ని పిలిచే ఆదేశాలు తీసేయలేదని నా అనుమానం. లాగిన్ అయిన ప్రతిసారీ కంప్యూటర్ పాత సర్వర్‌లోని డ్రైవ్‌లను, ప్రింటర్లను కలుపుకోవాలని చూస్తుంది. లేని సర్వర్ లేదని కూడా చెప్పదు కదా! కంప్యూటర్ గడువు తీరేదాకా కాచుకుంటుంది. ఒక్కో చిరునామా దగ్గర కొన్ని సెకన్ల నుంచి ఇరవై సెకన్ల పైదాకా పోతుంది. అలాంటివి నాలుగైదు ఉంటే మీ రెండు నిమిషాలు అయిపోయినట్టే.

ఈ కింది మాటలు మీ ఐటీ వారికి చూపించండి. గ్రూప్ పాలసీలో సిస్టమ్ విభాగం కింద, లాగిన్ సమయంలో వివరమైన సందేశాలు చూపించే సెట్టింగ్ ఒకటి ఉంది. అది ఆన్ చేస్తే ఉత్త 'వెల్‌కమ్' బదులు డ్రైవ్ మ్యాప్స్ (సర్వర్ ఫోల్డర్లను డ్రైవ్‌లుగా కలపడం) అనో, ప్రింటర్స్ అనో ఆ క్షణంలో జరిగే పని పేరు తెర మీద వస్తుంది. ఎక్కడ ఎక్కువసేపు నిలిచిందో సిస్టర్లే చూసి చెప్పగలరు. అంకెలు కావాలంటే ఈవెంట్ వ్యూయర్‌లో గ్రూప్ పాలసీ ఆపరేషనల్ లాగ్ తెరవాలి. అందులో 5016 నంబరు ఈవెంట్లలో ఒక్కో భాగానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో, 8001లో మొత్తం ఎన్ని సెకన్లు పట్టిందో ఉంటుంది. అప్లికేషన్ లాగ్‌లో విన్‌లాగాన్ పేరుతో 6006 ఉంటే, ఏ భాగం ఎన్ని సెకన్లు ఆపిందో అదీ చెబుతుంది. చచ్చిన సర్వర్ పేరున్న డ్రైవ్ మ్యాపులు, ప్రింటర్లు అన్నీ పాలసీలోంచి తీసేయాలి. మిగిలిన డ్రైవ్‌లకు 'రీప్లేస్' అని ఉంటే 'అప్‌డేట్' చేయాలి. రీప్లేస్ అంటే ఉన్న డ్రైవ్‌ను ప్రతి లాగిన్‌కూ తెంచి మళ్లీ కడుతుంది, అది అనవసరం.

పాలసీ శుభ్రం చేసినా ఒక సిస్టర్‌కు మాత్రమే ఆలస్యం మిగిలిందనుకోండి, ఆమె స్వయంగా కలుపుకున్న డ్రైవ్‌లు ప్రొఫైల్‌లో ఉండి ఉంటాయి. నెట్ యూజ్ అనే ఆదేశం కొడితే ఆ జాబితా వస్తుంది.

ప్రశ్న: లాగిన్ మాకు వెంటనే అయిపోతుంది. జెడ్ డ్రైవ్ మాత్రం కచ్చితంగా ఐదు నిమిషాల తర్వాతే వస్తుంది. దాన్ని కలిపే స్క్రిప్టు (లాగిన్ వేళ తానే నడిచే ఆదేశాల ఫైలు) చిన్నదే. క్లయింట్లు వచ్చి కూర్చుంటారు, ఫైలు తెరవలేం. ఎందుకిలా?
— ఒక ఆడిటర్ ఆఫీసు ఉద్యోగి, విజయవాడ

జవాబు: ఆ ఐదు నిమిషాలు విండోస్ కావాలని పెట్టినవి. విండోస్ 8.1 నుంచి గ్రూప్ పాలసీ లాగాన్ స్క్రిప్టులను, డెస్క్‌టాప్ త్వరగా రావాలన్న ఉద్దేశంతో, ఐదు నిమిషాలు ఆపి నడుపుతున్నారు. గ్రూప్ పాలసీలో లాగాన్ స్క్రిప్ట్ డిలే అనే సెట్టింగ్‌ను సున్నా చేస్తే స్క్రిప్టు వెంటనే నడుస్తుంది. దానికంటే డ్రైవ్‌ను స్క్రిప్టుతో కాకుండా పాలసీలోని డ్రైవ్ మ్యాప్స్‌తో ఇవ్వడం మేలు.

ప్రశ్న: ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో కొత్త మేనేజ్డ్ స్విచ్ పెట్టాం. సిస్టమ్ ఆన్ చేసిన వెంటనే లాగిన్ అయితే డొమైన్ దొరకడం లేదంటుంది, అర నిమిషం ఆగి ప్రయత్నిస్తే అవుతుంది. ఐపీ చూస్తే ఒక్కోసారి 169.254 తో మొదలవుతోంది. పిల్లలకు ల్యాబ్ సమయం పోతోంది.
— ల్యాబ్ అసిస్టెంట్, వరంగల్

జవాబు: స్విచ్‌లో స్పానింగ్ ట్రీ పని చేస్తోంది. ఒక పోర్టులో సిస్టమ్ ఆన్ కాగానే, అక్కడ ఇంకో స్విచ్ ఉండి చక్రంలా లూప్ ఏర్పడుతుందేమోనని అది పదిహేను సెకన్లు వింటుంది, ఇంకో పదిహేను సెకన్లు నేర్చుకుంటుంది. ఆ ముప్పై సెకన్లూ సమాచారం పోనివ్వదు. ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగవంతమైన డిస్కు) ఉన్న కంప్యూటర్ అంతలోపే లాగిన్ తెరకు వచ్చేస్తుంది, చిరునామా దొరక్క 169.254 ను తనే పెట్టుకుంటుంది. సిస్టమ్‌లకు వెళ్లే పోర్టుల్లో మాత్రం పోర్ట్‌ఫాస్ట్ ఆన్ చేయండి, కొన్ని కంపెనీల స్విచ్‌లలో దాన్నే ఎడ్జ్ పోర్ట్ అంటారు. రెండు స్విచ్‌లను కలిపే పోర్టుల్లో పెట్టకండి. స్పానింగ్ ట్రీని మొత్తంగా ఆపేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఏ విద్యార్థో ఒక కేబుల్ రెండు కొసలూ స్విచ్‌కే పెడితే ల్యాబ్ మొత్తం ఆగిపోతుంది.

ప్రశ్న: కరీంనగర్‌లో మాకు హోల్‌సేల్ వ్యాపారం. నలభై కంప్యూటర్లు. లాగిన్ స్లో అని స్టాఫ్ రోజూ గొడవ. హార్డ్‌వేర్ సరఫరా చేసే ఆయన అన్నీ మార్చేయాలంటున్నారు. చిన్న మొత్తం కాదు. మీ సలహా?
— ఒక వ్యాపారి, కరీంనగర్

జవాబు: డబ్బు తీసేముందు ఒక ఉదయం కేటాయించండి. బాగా స్లో అన్న ఒక కంప్యూటర్‌ను ఎంచుకుని, రోజూ దానిలో పని చేసే ఉద్యోగినే కూర్చోబెట్టండి. ఒకసారి కేబుల్‌తో, ఒకసారి కేబుల్ తీసేసి లాగిన్ అయి గడియారం చూడమనండి. కేబుల్ తీస్తే త్వరగా వస్తే జబ్బు పైన చెప్పినవాటిలో ఒకటి, కొత్త కంప్యూటర్లకు కూడా అదే పట్టుకుంటుంది. తీసినా అంతే స్లోగా ఉంటే కంప్యూటర్‌ను అనుమానించవచ్చు.

అప్పుడు కూడా ముందుగా చూడాల్సింది లోపల ఉన్నది పాత తరహా హార్డ్ డిస్కా, ఎస్ఎస్‌డీనా అన్నది. లాగిన్ వేళ విండోస్ వేలాది చిన్న చిన్న ముక్కలను డిస్కులో అక్కడక్కడా చదవాలి. తిరిగే డిస్కు అలాంటివి సెకనుకు వంద వరకు చదవగలదు, ఎస్ఎస్‌డీ వేలల్లో చదువుతుంది. డిస్కు మార్చి, 4 జీబీ ర్యామ్‌ను 8 చేస్తే లాగిన్ వేగంలో తేడా మొదటి రోజే తెలుస్తుంది. కొత్త కంప్యూటర్ ధరతో పోలిస్తే అది కొద్ది ఖర్చు.

అయితే మీ సరఫరాదారు మాటలో నిజం లేకపోలేదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తర్వాత భద్రతా అప్‌డేట్లు కావాలంటే సంస్థలు డబ్బు కట్టి పొడిగింపు తీసుకోవాలి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి పైవే పనికొస్తాయి. కాబట్టి నలభైనీ రెండు జాబితాలు చేయించండి. విండోస్ 11 నడవగలిగేవాటికి ఎస్ఎస్‌డీ, ర్యామ్ వేయించండి. నడవలేనివాటిని విడతలుగా మార్చండి, ముందుగా బిల్లింగ్ కౌంటర్లవి, డబ్బు, కస్టమర్ల వివరాలు ఉన్నవి. ముందు ఒక్క కంప్యూటర్‌లో డిస్కు మార్పించి, వారం రోజులు వాడిన ఉద్యోగి అభిప్రాయం విన్నాకే మిగతావాటికి ఆర్డర్ ఇవ్వండి.